ఎత్తుకు తగ్గ చీపురు

ఇబ్రహీంపట్నంలో ఇల్లు ఊడ్చడం ఒక పూటతో తీరే పని కాదు. సాగర్ రోడ్డు మీద ఆగకుండా లారీలు, చుట్టూ ప్లాట్లుగా మారిపోయిన పొలాలు, సగం కట్టి వదిలేసిన ఇళ్లు. పొద్దున ఊడ్చిన గచ్చు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. కాబట్టి మా ఇంట్లో చీపురు రోజంతా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. ఎవరి చేతిలో అన్నదాని గురించే ఈ నాలుగు మాటలు.

ఇంట్లో మేం ఐదుగురం. నేను, మా ఆయన, మా అమ్మ, ఐదేళ్ల కూతురు, మూడేళ్ల కొడుకు. మా ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. పిల్లలిద్దరికీ బొమ్మల మీద లేని మోజు చీపురు మీద ఉంది. చిన్నోడు చీపురు పట్టుకున్నాడంటే మా అమ్మ మురిసిపోతుంది. "సూడు, ఇయ్యాల సుట్టాలొస్తరు" అంటుంది. పసిపిల్లలు ఇల్లు ఊడిస్తే చుట్టాలొస్తారని మన దగ్గర ఒక నమ్మకం కదా. అదే పిల్ల చీపురు పడితే మాత్రం చుట్టాల మాట ఎత్తదు. "నా బంగారు తల్లి, ఇప్పట్నుంచే పని నేరుస్తున్నది" అంటుంది. ఒకే చీపురు, ఒకే గది, రెండు మాటలు. మా అమ్మకు ఆ తేడా వినబడదు. నాకు వినబడుతుంది. ఆ రెండో మాట వింటూ పెరిగినదాన్ని నేనే.

నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. బడికి పోయేముందు వాకిలి ఊడ్చడం నా వంతు. నేను ఊడిస్తే అమ్మ సాన్పు చల్లి ముగ్గేసేది. ఆ టైముకి తమ్ముడు నిద్రలో ఉండేవాడు. చీపురు ఏ మూల పెడతారో వాడికి తెలిసేది కాదు, తెలియాలని ఎవరూ అనుకోలేదు కూడా. తర్వాత ఇంజనీరింగ్ రోజుల్లో, హాస్టల్ గదిలో, నాకు కూతురు పుడితే చీపురు ముట్టనివ్వనని స్నేహితురాళ్లతో అనేదాన్ని. ఆ మాట మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అనే సామెత ఉన్న భాషలో ఆడపిల్ల చేతికి చీపురివ్వడం అంత అమాయకమైన పని కాదు.

కానీ ఇప్పుడు ఆ పిల్ల వచ్చి నా కొంగు పట్టుకుని "నేనూ ఊడుస్తా" అంటోంది. దాని వెనకే తమ్ముడు. ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఏది, ఎంతసేపు? ఏది అసలు అందకూడదు?

*

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. పిల్లలకు సాయం చెయ్యడం మనం నేర్పక్కర్లేదు. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పద్దెనిమిది నెలల పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటి 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఒక పెద్దాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు కింద పడేసుకుంటాడు, వంగినా అందనట్టు చెయ్యి చాపుతాడు. లేదా చేతుల నిండా పుస్తకాలతో వచ్చి, మూసి ఉన్న బీరువా తలుపుకి తగులుకుంటాడు. ఎవరూ అడగరు, ఎవరూ మెచ్చుకోరు. అయినా ఆ పసివాళ్లలో చాలామంది గునగునా నడిచివెళ్లి క్లిప్పు అందించారు, తలుపు తీశారు. రెండేళ్ల తర్వాత అదే ఇద్దరూ ఇంకో ప్రయోగం చేశారు. సాయం చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి బహుమతిగా ఇచ్చిన పిల్లలు, ఆ బహుమతి ఆగిపోయాక, ఏమీ ఇవ్వని పిల్లల కంటే తక్కువ సాయం చేశారు.

ఇది చదివాక ఒక సంగతి స్పష్టమైంది. ఫ్రిజ్ మీద స్టార్ల చార్టు అంటించడం, 'గది సర్దితే చాక్లెట్' అనడం మా ఇంట్లో అవసరం లేదు. వాళ్లకి కావలసింది జీతం కాదు, చోటు. మనం ఉన్న పనిలో కాసింత జాగా. మనకేమో ఆ జాగా ఇవ్వడమే కష్టం. తొమ్మిదిన్నరకి కాల్ ఉంటుంది, వాడు చెత్తను మూల నుంచి మధ్యకి, మధ్య నుంచి మంచం కిందకి ఊడుస్తుంటాడు. "నువ్వు జరుగు నాన్నా" అని చీపురు లాక్కుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అలా రోజూ జరిపితే పదేళ్లకి వాడు నిజంగానే జరిగి కూర్చుంటాడు. అప్పుడు "ఒక్క పనీ ముట్టడు" అని చుట్టాలకి చెప్పుకుంటాం.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో మరియా మాంటిస్సోరి తన మొదటి బడి తెరిచింది. ఆ బడి మొదలైన కారణం నాకు భలే నచ్చుతుంది. తల్లిదండ్రులు పనికి పోతే, ఇళ్లలో మిగిలిన పిల్లలు కొత్తగా బాగుచేసిన భవనాల గోడలు, మెట్లు పాడుచేస్తున్నారు. వాళ్లను ఒక గదిలో కూర్చోబెడితే గోడలు బతుకుతాయని యజమానుల ఆలోచన. అంటే భవనాన్ని పిల్లల నుంచి కాపాడటానికి పెట్టిన గది అది. ఆమె అదే గదిలో పిల్లల ఎత్తుకు తగిన కుర్చీలు, బల్లలు, చిన్న చీపుర్లు పెట్టి, గదిని వాళ్లకే అప్పగించింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చింది, యుద్ధం రోజులు మన దేశంలోనే గడిపింది. ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల ప్రతి కాలనీలో ఆ పేరుతో ఒక బోర్డు కనిపిస్తుంది. నీళ్లు వంపడం, బల్ల తుడవడం నేర్పడానికి ఫీజు కట్టి పిల్లల్ని పంపిస్తాం. ఇంటికొచ్చి అదే పిల్ల తుడుపుగుడ్డ పట్టుకుంటే "ఛీ, వదిలెయ్" అంటాం.

*

శుభ్రం చెయ్యడం, పిల్లలు అనగానే నాకు ఎప్పుడూ రెండు పుస్తకాలు పక్కపక్కన గుర్తొస్తాయి. రెండూ ఆత్మకథల్లాంటివే. రెండింట్లోనూ ఒక చిన్న పిల్లో, పిల్లాడో ఉంటారు, ఒక హెడ్మాస్టర్ ఉంటాడు.

మొదటిది తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన 'తొత్తొచాన్'. తెలుగులో 'రైలుబడి'గా చాలామంది చదివే ఉంటారు. అందులో తొత్తొచాన్ పర్సు బడి మరుగుదొడ్డిలో పడిపోతుంది. ఆ పిల్ల పొడుగు కాడ గరిటె ఒకటి తెచ్చుకుని, వెనకున్న గుంటలోంచి అంతా బయటకి తోడటం మొదలుపెడుతుంది. పక్కన గుట్ట పెరుగుతుంది. అటుగా వచ్చిన హెడ్మాస్టర్ కొబయాషి ఏం చేస్తున్నావని అడుగుతాడు. పిల్ల చెబుతుంది. ఆయన తిట్టడు, సాయం చేస్తాననడు, ఎవరినీ పిలవడు. అయ్యాక అదంతా తిరిగి లోపల వేసెయ్యమని మాత్రం చెప్పి వెళ్లిపోతాడు. పర్సు దొరకదు. కానీ పిల్ల చెప్పినట్టే అంతా తిరిగి వేసేస్తుంది. పిల్లల భద్రత దృష్టితో చూస్తే ఆ సన్నివేశం చదువుతుంటేనే నాకు చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. అయినా ఆ హెడ్మాస్టర్ ఏం చేశాడో చూడండి. ఆ పని పిల్లది. మొదలుపెట్టింది తను, ఆపాల్సింది తను, సర్దాల్సింది తను.

రెండోది ఓంప్రకాశ్ వాల్మీకి 'జూఠన్'. 1997లో హిందీలో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లె బడి. పిల్లాడిది పాకీపని చేసే కులం. హెడ్మాస్టర్ పిలిచి, చెట్టెక్కి రెమ్మలు విరిచి చీపురు కట్టుకోమంటాడు. బడి అంతా, ఆటస్థలమంతా ఊడవమంటాడు. మిగతా పిల్లలు తరగతిలో కూర్చుని చదువుకుంటూ ఉంటారు. మరుసటి రోజూ అంతే. మూడో రోజు అటుగా పోతున్న తండ్రి చూస్తాడు. కొడుకు చేతిలోంచి చీపురు లాగి దూరంగా విసిరేస్తాడు, హెడ్మాస్టర్‌ను నిలదీస్తాడు.

తొత్తొచాన్ చేసిన పని జూఠన్ పిల్లాడు చేసిన పని కంటే ఎన్నో రెట్లు మురికి. అయినా మొదటిది చదివి నవ్వుకుంటాం, రెండోది చదివి నోట మాట రాదు. కాబట్టి పనిలో మురికి ఎంత అన్నది కొలత కాదు. పిల్ల తన సొంత పర్సు కోసం తోడింది. పిల్లాడు తనది కాని మురికిని, తన పుట్టుక మూలాన, మిగతావాళ్లు చూస్తుండగా ఊడ్చాడు. ఆమె ఎప్పుడైనా ఆపెయ్యొచ్చు. అతను ఆపలేడు. పిల్లల చేతికి చీపురిచ్చే ప్రతిచోటా నేను చూసుకునేది ఈ రెండే. అది ఎవరి చెత్త? ఆపెయ్యొచ్చా?

*

ఇక ఇంట్లోకి వద్దాం. నా ఉద్యోగంలో ఎవరికి ఏ ఫోల్డర్ తెరిచే అనుమతి ఉందో ముందే రాసుకుంటాం. తప్పు జరిగాక తాళం వేసి లాభం లేదు. ఇంటి శుభ్రం విషయంలోనూ మా ఆయనా నేనూ కూర్చుని అలాంటిదే ఒకటి రాసుకున్నాం. అందులో మొదటి వాక్యం: పిల్లల పనికి నీళ్లు, గుడ్డ, చీపురు తప్ప ఇంకేదీ వాడం. రంగు, వాసన ఉన్న ఏ సీసా అయినా పెద్దవాళ్లదే.

దీనికి కారణాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. వీధిలోకి బండి మీద వచ్చే బాత్రూం యాసిడ్, ఫినాయిల్ చాలాసార్లు పాత నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో వస్తాయి. మూడేళ్ల పిల్లాడికి సీసా ఆకారమే చదువు, లేబుల్ కాదు. ఆ ఆకారాన్ని చూసి వాడు తాగేది అందులో ఉంటుందనే అనుకుంటాడు. పెద్దవాళ్లు కూడా పొరపడే ఇంకో సంగతి: బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట బాగా పోతుందని యాసిడ్ కూడా పోస్తారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్రా దగ్గర సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. తలుపులు మూసిన బాత్రూంలో అది పెద్దవాళ్ల ఊపిరే ఆపగలదు. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు చూడటానికి తెల్లగా పిప్పరమెంటు బిళ్లల్లాగే ఉంటాయి. పుట్టుకతో ఒక ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలు వాటిని మింగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పండగకు గోడలకు వేసే సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు.

ఒకవేళ ఏదైనా మింగితే, యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ కిరోసిన్ గానీ, వాంతి చేయించకూడదు. లోపలికి పోతూ కాల్చింది బయటికొస్తూ మళ్లీ కాలుస్తుంది. కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం మన పెద్దవాళ్లకు అలవాటు. ఆ అలవాటే ప్రమాదం. సీసా చేతిలో పట్టుకుని, అందులో ఏముందో డాక్టరుకు చూపించేలా, నేరుగా ఆసుపత్రికి పోవాలి. ఈ మాట మా అమ్మకు నేను రెండుసార్లు చెప్పాను, పనికొచ్చే ఆమెకు రెండుసార్లు చెప్పాను.

రెండో వాక్యం: బకెట్ పిల్లలది కాదు. చెంబు పిల్లలది. నడక వచ్చిన పసివాళ్లకు తల బరువెక్కువ. బకెట్లోకి తొంగిచూస్తూ ముందుకు పడితే లేవలేరు. నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు. చప్పుడు కూడా రాదు. అందుకే తడిగుడ్డ పెట్టడం అయ్యాక బకెట్ ఖాళీ చేసి బోర్లించేదాకా ఆ పని అయిపోయినట్టు కాదు. మా దగ్గర నీళ్లు ట్యాంకర్ల మీద, సంపుల మీద నడుస్తాయి కాబట్టి సంపు మూత కూడా ఈ లెక్కలోకే వస్తుంది. నీళ్లు కాచే హీటర్ రాడ్ బకెట్లో వేసి ఉన్నప్పుడు పిల్లలు ఆ గదిలోనే ఉండకూడదు, పనికైనా ఆటకైనా.

మూడోది: నేల మీద కాళ్లు ఆననిచ్చే పనులే. స్టూలెక్కి బూజు దులపడం, ఫ్యాన్ రెక్కలు తుడవడం, కిటికీ గట్టెక్కి అద్దం తుడవడం వాళ్లవి కావు. పగిలిన గాజు, స్విచ్ బోర్డు, ప్లగ్గులో ఉన్న మిక్సీ వాళ్లవి కావు. బాత్రూం వాళ్లది అసలే కాదు. ఆదివారం పొద్దున మా ఆయన తలుపేసుకుని, కిటికీ తెరిచి బాత్రూం కడుగుతాడు. పిల్లలు బయట నిలబడి "నాన్నా అయిందా?" అని అరుస్తుంటారు. ఆ పని ఎవరు చేస్తారో వాళ్లు చూడటమే వాళ్ల పాఠం.

మరి వాళ్లు చేసేవేంటి? చాలా ఉన్నాయి. చిన్నోడు బొమ్మలు బుట్టలో వేస్తాడు. తను ఒలకబోసిన నీళ్లు తనే తుడుస్తాడు. నేను బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు ఒక్కొక్కటే అందిస్తాడు, ప్రయోగంలో పిల్లాడిలాగే. ఎండిన సాక్సుల్లో జతలు వెతుకుతాడు. తప్పు జతలే ఎక్కువ. పెద్దది అన్నం తిన్న చోటు తుడుస్తుంది, పుస్తకాల అర కింది వరసల దుమ్ము దులుపుతుంది, చిన్న తువ్వాళ్లు మడతపెడుతుంది, స్టీలు కంచాలు ఆరాక పొడిగుడ్డతో తుడిచి ఇస్తుంది. అయ్యాక ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కుంటారు. ఒక్కోసారి అసలు పని కంటే ఆ కడుక్కోవడమే ఎక్కువసేపు పడుతుంది.

పనిముట్ల విషయంలో మా అమ్మ నాకంటే మేలు. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ బొమ్మ చీపురు, బొమ్మ మాప్ సెట్లు దొరుకుతాయి. వాటితో చెత్త ఊడవదు. అది పిల్లలకు రెండో రోజుకే తెలిసిపోతుంది, మూల పడేస్తారు. మా అమ్మ ఆరు నెలలు వాడి అరిగిపోయిన గడ్డి చీపురు తీసుకుని, గుచ్చుకునే పుల్లలు పీకేసి, పిడికి పాత గుడ్డ చుట్టి, గట్టిగా దారం కట్టి ఇచ్చింది. అరిగిన చీపురు సరిగ్గా ఐదేళ్ల పిల్ల ఎత్తుకు వస్తుంది. పెద్ద తుడుపుగుడ్డ పిల్లలు పిండలేరు, నీళ్లు కారి నేల జారుతుంది. అందుకని పాత బనీను చేతిరుమాలంత ముక్కలు చేసింది. చిన్న పిడికిట్లో ఇమిడేంత. చెత్త ఎక్కడికి ఊడవాలో తెలియక వాళ్లు గదంతా తిప్పుతుంటే, నేను మాంటిస్సోరి బడుల్లో చేసినట్టు చాక్‌తో నేల మీద గడి గీస్తే సరిపోతుందన్నాను. అమ్మ నవ్వి, డబ్బాలోంచి ముగ్గుపిండి తీసి నాలుగు గీతలు గీసింది. చెత్తంతా ఆ ముగ్గులోకి రావాలి. మా ఊళ్లో లారీల పుణ్యమా అని ముగ్గు నింపడానికి దుమ్ముకు కరువేం లేదు. ఎక్కువ దుమ్ము రోజున మాత్రం ముందు తడిగుడ్డ పడాలి. లేకపోతే ఊడ్చినవాడి ముక్కులోకే పోతుంది.

ఇంకొకటి నేను పట్టుబట్టి పాటించేది. వాళ్లు ఊడ్చిన చోట వాళ్ల ముందే నేను మళ్లీ ఊడవను. మూల మిగిలితే మిగిలింది.

*

మా అమ్మకు ఈ పద్ధతి పూర్తిగా నచ్చలేదు. "నడుమ ఇడిసిపెట్టి పోతే పని ఎట్ల నేరుస్తరు బిడ్డా? మొక్కై వంగనిది మానై వంగుతదా?" అంది.

ఆ మాటలో న్యాయముంది. ఎప్పుడంటే అప్పుడు వదిలేసే అలవాటు కూడా మంచిది కాదు. అందుకే కొంచెం సర్దుకున్నాం. ఇంటి పనిలో చెయ్యి వెయ్యడం వాళ్ల ఇష్టం. తాము చేసిన చెత్త ఎత్తడం మాత్రం ఇష్టాయిష్టాల సంగతి కాదు. రంగు కాగితాలు కత్తిరించిన పిల్లే ఆ ముక్కలు ఏరాలి. కానీ ఆ సామెత విన్న ప్రతిసారీ నాకొక సందేహం. మా ఇంట్లో వంచిన మొక్క ఒక్కటే. పక్కనున్న రెండో మొక్కను ఎవరూ వంచలేదు. అది ఇప్పుడు బాగా పెరిగిన మాను, మంచి ఉద్యోగం చేస్తోంది, టీ తాగిన కప్పు సోఫా కిందే పెడుతుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019లో మన దేశంలో ప్రభుత్వం సమయ వినియోగ సర్వే చేసింది. మనుషులు ఇరవై నాలుగు గంటలు దేనికి ఖర్చుపెడతారో ఇంటింటికీ వెళ్లి అడిగారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు పడుతోంది, మగవాళ్లకు 97. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లు నూటికి 81 మంది, మగవాళ్లు 26 మంది. ఈ అంకెలు చాలాచోట్ల చూసే ఉంటారు. నన్ను ఆపేసింది వాటి పక్కన చిన్నగా ఉండే ఇంకో మాట: ఆరేళ్లు, ఆ పైబడినవాళ్లు. అంటే ఈ లెక్క ఆరో ఏట మొదలవుతుంది. యూనిసెఫ్ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఐదు నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు అదే వయసు మగపిల్లల కంటే ఇంటిపని మీద 40 శాతం ఎక్కువ సమయం పెడుతున్నారు. ఆ 299కీ 97కీ మధ్య దూరం పెళ్లి తర్వాత పుట్టింది కాదు. "బంగారు తల్లి" దగ్గర, "చుట్టాలొస్తరు" దగ్గర మొదలైంది.

మా అమ్మతో వాదించడం మానేసి ఒకటి అడిగాను. ఎవరు ఊడ్చినా ఒకే మాట అనమని. కాసేపు ఆలోచించి, "అట్లయితే ఇద్దరికీ సుట్టాలే" అంది. అప్పట్నుంచీ పిల్ల ఊడ్చినా మా ఇంటికి చుట్టాలు వస్తున్నారు.

*

వేసవి సెలవుల్లో పనికొచ్చే ఆమె తన కూతుర్ని వెంట తెచ్చేది. తొమ్మిదేళ్లుంటాయేమో. ఒకరోజు మా చిన్నోడు ముగ్గు గడిలోకి చెత్త తోయలేక తంటాలు పడుతున్నాడు. ఆ అమ్మాయి చూసి చూసి, "అట్ల కాదు తమ్మీ, ఇటియ్యి" అని చీపురందుకుంది. రెండు నిమిషాల్లో గదంతా అద్దంలా అయింది. మంచం కిందికి చీపురు పడుకోబెట్టి ఊడ్చిన తీరు చూస్తేనే తెలుస్తుంది, ఆ చెయ్యి ఎంత తిరిగిందో.

వంటింట్లోంచి వాళ్లమ్మ వచ్చింది. ఏమీ అనకుండా కూతురి చేతిలోంచి చీపురు తీసుకుంది. "పోయి కూసో" అంది.

"పోనీ, ఆడుకుంటున్నరు కదా" అన్నాను.

"మీ బాబు ఊకితె ఆట అక్కా. నా బిడ్డ ఊకితె పని" అంది. "మా ఇంట్ల ఊకుతది, అది దాని ఇల్లు. ఈడ ముట్టనియ్య."

వాల్మీకి తండ్రి విసిరేసిన చీపురే ఇది. ఈమె మెల్లగా తీసి పక్కన పెట్టింది, అంతే తేడా. అది ఎవరి చెత్త అని నేను పుస్తకాలు చదివి కనుక్కున్న ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ముందే ఉంది.

ఈ గీత ఎక్కడ గియ్యాలన్న గొడవలో మా జిల్లాకు ఒక చరిత్ర ఉంది. 1991లో ఎం.వి. ఫౌండేషన్ పిల్లల చదువు కోసం పని మొదలుపెట్టింది రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పే శాంతా సిన్హా దాని వెనక ఉన్నారు. ఆమె తాతగారు, చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద పెట్టిన సంస్థ అది. అప్పటికి బాలకార్మికులంటే కూలి తీసుకునే పిల్లలు, ఫ్యాక్టరీల్లో కనిపించే పిల్లలు. ఇల్లూడ్చి, నీళ్లు మోసి, తమ్ముళ్లను ఎత్తుకుని తిరిగే ఆడపిల్ల ఆ లెక్కలో లేదు. జనాభా లెక్కల్లో జీతం లేని ఇంటిపని 'పని' కింద రాదు. బడి హాజరు పట్టీలోనూ ఆ పిల్ల పేరు లేదు. శాంతా సిన్హా, ఆమెతో పనిచేసినవాళ్లు తీసుకున్న నిర్వచనం చాలా సూటిగా ఉంటుంది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికురాలే. పనికి జీతమిస్తున్నారా, ఎంత బరువు, ఎంత ప్రమాదం అన్న చర్చలన్నీ పక్కకు పోయాయి. పిల్లలకు క్యాంపులు పెట్టి, వయసుకు తగ్గ తరగతిలో చేరేలా తయారుచేశారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు.

2016లో మారిన చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని అన్ని రంగాల్లోనూ నిషేధించింది. ఒక కిటికీ మాత్రం తెరిచి ఉంచింది. బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో కుటుంబానికి సాయం చెయ్యొచ్చు. నా పిల్లలు ముగ్గులోకి చెత్త ఊడ్చేది ఆ కిటికీలోంచే. ఆడపిల్లల బాల్యం మొత్తం జారిపోయేది కూడా ఆ కిటికీలోంచే. ఇంటి లోపలికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. అక్కడ చూడాల్సింది మనమే.

యూనిసెఫ్ కొలత ఒకటుంది. వారానికి 21 గంటలు, ఆ పైన ఇంటిపని చేసే పిల్లల్ని బాలకార్మికుల కింద లెక్కిస్తారు. రోజుకు మూడు గంటలు. మా ఇంట్లో రోజుకు పావుగంట కూడా అవ్వదు. అయినా నేను చూసుకునేది నిమిషాలు మాత్రమే కాదు, అవి ఇద్దరి మధ్య ఎలా పంచుకుంటున్నారన్నది కూడా.

వచ్చే జూన్‌కి పెద్దదానికి ఆరేళ్లు నిండుతాయి. సర్వే లెక్కలోకి వచ్చే వయసు. ఎవరైనా మా ఇంటి తలుపు తట్టి, నిన్న ఏం చేశావమ్మా అని దాన్ని అడిగితే, బడికి పోయాను, ఆడుకున్నాను, తిన్న చోటు తుడిచాను అని చెబుతుందనుకుంటున్నాను. తర్వాత రెండేళ్లకి చిన్నోడి వంతు. వాడు చెప్పేది కూడా అదే అయితే చాలు.